కాలిఫోర్నియా నుంచి వచ్చిన లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ ఎంజీబీ, యూకే రోడ్ల మీద తిప్పడానికి కొనొచ్చా?

ప్రశ్న (లెస్టర్ నుంచి)

అందరికీ నమస్తే. రోజువారీకి నాకు మామూలు ఆటోమేటిక్ కారుంది, అది కాకుండా వీకెండ్స్ కి ఒక పాత ఎంజీబీ రోడ్‌స్టర్ (టాప్ తీసేసుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొనాలని ఎప్పట్నుంచో కోరిక. ఇప్పుడు 1972 మోడల్ ఒకటి దొరికింది, క్రోమ్ బంపర్లు, కాలిఫోర్నియా నుంచి తెప్పించారంట, ఫోటోల్లో బాడీ చాలా బాగుంది, రేటు కూడా ఇక్కడి రైట్ హ్యాండ్ బండ్ల కంటే తక్కువే చెప్తున్నారు. ఒక్కటే చిక్కు, స్టీరింగ్ ఎడమ వైపుంది. ఓవర్‌టేక్ ఎలా చేస్తావు అని మా ఆవిడ భయపడుతోంది. ఇక్కడ నడపడం లీగలేనా, అలవాటవుతుందా, లేక కొన్నాక రైట్ హ్యాండ్ కి మార్పించుకోవడం మంచిదా? నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

జవాబు (సోలిహల్ నుంచి)

లీగలేనండి, అందులో అనుమానం అక్కర్లేదు. నేను నడిపేది కూడా లెఫ్ట్ హ్యాండ్ ఎంజీబీయే. నా సలహా ఏంటంటే స్టీరింగ్ ఏ పక్కనుందో తర్వాత, ముందు రేకు చూడండి. ఈ కారు 1962 నుంచి 1980 దాకా ఇక్కడే ఆబింగ్డన్ లో తయారైంది, మొత్తం ఐదు లక్షల పైన చేశారు, అందులో పెద్ద వాటా అమెరికాకే పోయింది. ఇక్కడ మిగిలినవి ప్రతి చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి కింద నుంచి తుప్పు పట్టి పోయాయి, కాలిఫోర్నియాలో ఆ బాధ లేదు కాబట్టే అక్కడి బండ్లని వెనక్కి తెస్తున్నారు. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్, తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్స్ మీదే బరువంతా నిలబడుతుంది, రోడ్‌స్టర్ కి పైన రేకు టాప్ కూడా ఉండదు, మడిచే గుడ్డ టాపే, కాబట్టి ఇంకా ఎక్కువ. అవి కుళ్ళితే వెల్డింగ్ పని కారు రేటుని మింగేస్తుంది.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళండి, పెయింట్ గీసుకోకుండా దానికి పల్చటి గుడ్డ చుట్టి సిల్ పొడవునా, చక్రాల ఆర్చీల అంచున, తలుపు కింది అంచున మెల్లగా జరపండి, ఎక్కడ పట్టు జారిపోతే అక్కడ పెయింట్ కింద తుప్పుని కప్పిన ఫిల్లర్ (పుట్టీ) ఉన్నట్టే. తర్వాత తలుపు వేసి చుట్టూ ఉన్న సందు చూసుకుని, అమ్మేవాళ్ళని అడిగి ఆ పక్క జాక్ మీద ఎత్తించండి. ఎత్తాక సందు మారిపోయినా, తలుపు బిగుసుకుపోయి తెరుచుకోకపోయినా ఇంకేం మాట్లాడకుండా వచ్చెయ్యండి. 1972 మోడల్ కి సీట్ల వెనక నేల కింద రెండు ఆరు వోల్టుల బ్యాటరీలుంటాయి, మూత తీసి ఆ తొట్లు కూడా చూడండి, యాసిడ్ కారి తినేసి ఉంటాయి ఒక్కోసారి. ఎండలో ఉన్న బండి కాబట్టి డాష్‌బోర్డ్ పగుళ్ళు, సీటు కుట్లు, ఎండిపోయిన రబ్బరు సీళ్ళు, హోస్ పైపులు ఇవన్నీ మామూలే, వాటికి భయపడొద్దు, ఎంజీబీకి దొరకని పార్టు దాదాపు లేదు.

రైట్ హ్యాండ్ కి మార్పించడం మాత్రం వద్దండి. స్టీరింగ్ ర్యాక్, పెడల్ బాక్స్, డాష్‌బోర్డ్, వైపర్లు అన్నీ కదపాలి, అంత ఖర్చు పెట్టినా రేపు అమ్మేటప్పుడు "మార్చిన బండి" అనే అంటారు. అలాగే ఉంచితే ఫ్రాన్స్, జర్మనీ, హాలండ్ వాళ్ళు కూడా కొంటారు, వాళ్ళకి కావాల్సిందే లెఫ్ట్ హ్యాండ్.

జవాబు (రెడింగ్ నుంచి)

అన్నా నాది ఎంజీబీ కాదు, లెఫ్ట్ హ్యాండ్ బీటిల్, గని నడిపే తీరు ఒక్కటే కాబట్టి చెప్తున్న. పెడల్స్ తో తిప్పలు లేదు, క్లచ్ ఎడమకు, బ్రేక్ నడుమ, యాక్సిలరేటర్ కుడికి, ఏ దేశం బండికైనా గంతే. గేర్లు కుడిచేత్తో వెయ్యాలె, మొదట్ల ఎడమ చెయ్యి అలవాటుగా పోయి తలుపుకు తాకుతది, అది జల్దీనే పోతది. అసలు కష్టం రోడ్డు మీద బండిని ఎక్కడ పెట్టాలె అన్నదే. ఇన్నేండ్లు మనం రోడ్డు నడిమి గీత దిక్కు కూసొని నడిపినం కదా, ఈ బండిల గూడ మన ఒళ్ళు ఆ జాగకే పోవాలని చూస్తది, అట్ల పోతే బండి కుడి పక్క మొత్తం నడిమి గీత దాటి ఎదురుంగ వచ్చేటోళ్ళ మీదికి పోతది, అదే ప్రమాదం. కాబట్టి రోడ్డు అంచు నీ ఎడమ మోచేతి కింద నుంచే పోతున్నట్టు అనిపించాలె, మొదట్ల మరీ దగ్గర ఉన్నమా అని భయమైతది, అయినా అదే కరెక్టు జాగ.

వదినకు చెప్పు, ఓవర్‌టేక్ భయం నిజమే, అది పోవాలని చూడొద్దు. సింగిల్ రోడ్డు మీద లారీ ఎనక ఉంటే నీకు లారీ తప్ప ఏం కనపడది, బయటికి తొంగి చూసుడంటే బండి మొత్తం బయట పెట్టుడే. పక్కసీట్ల ఉన్నోళ్ళను "ఖాళీనా" అని అడిగి దాటకు, వాళ్ళకు నీ స్పీడ్ లెక్క తెల్వది. చాన దూరం ఎనక ఉండాలె, దూరం ఉంటెనే ముందర రోడ్డు కనపడతది, ఎడమకు తిరిగే మలుపుల లారీ లోపలి పక్క నుంచి ముందర రోడ్డు మంచిగ కనపడతది, రైట్ హ్యాండ్ బండ్లోళ్ళకు ఆ సౌలత్ లేదు. అయినా నేనైతే డ్యూయల్ క్యారేజ్‌వే (నడుమ డివైడర్ ఉన్న రోడ్డు) వచ్చేదాక ఆగుత.

ఇంకోటి ఎవ్వరూ చెప్పరు, ఏటవాలుగ కలిసే జంక్షన్లు. మెయిన్ రోడ్డుకు వంకరగ కలిసే కాడ కుడి భుజం మీదికెళ్ళి ఎనక్కి చూడాలె కదా, రోడ్‌స్టర్ టాప్ వేసి ఉంటే అక్కడ మొత్తం గుడ్డే, ఏం కనపడది. గీత కాడికి వచ్చేటప్పుడే బండిని మెయిన్ రోడ్డుకు నిలువుగ తిప్పి ఆపితే పక్క కిటికీల నుంచి కనపడతది. రౌండబౌట్ కాడ బండ్లు కుడి నుంచే వస్తయి, మధ్యల పక్కసీటోళ్ళ తలకాయ అడ్డం, అక్కడికి రాంగనే సీటుకు ఆనుకొని కూసోమని ముందే చెప్పి పెట్టు. అమెరికా బండ్లకు చాలావాటికి కుడి తలుపు మీద ఎనక్కి చూసే అద్దం ఉండది, కొన్న మొదటి రోజే అది బిగించుకో.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్, ఓవర్‌టేక్ సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. లైట్లు, కాగితాల గురించి కూడా చెప్తారా? బండి ఇంకా ఇక్కడ రిజిస్టర్ కాలేదంటున్నారు. పెట్రోల్ ఏది కొట్టించాలి?

జవాబు (సోలిహల్ నుంచి)

రిజిస్టర్ కాలేదంటే ముందు నోవా (బయటి నుంచి బండి వచ్చిందని ఇచ్చే నోటీసు) అయిందా అని అడగండి. బండి దేశంలోకి వచ్చిన 14 రోజుల్లోపు పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి చెప్పాలి, ఆ పని పూర్తయితేనే బండ్లు రిజిస్టర్ చేసే డీవీఎల్ఏ నంబర్ ఇస్తుంది. 30 ఏళ్ళు దాటి, ఒరిజినల్ గా ఉండి, తయారీ ఆగిపోయిన మోడల్ అయితే చారిత్రక వస్తువు కింద కస్టమ్స్ డ్యూటీ లేకుండా 5 శాతం వ్యాటే పడుతుంది. నోవా అయినట్టు కాగితం వాళ్ళ దగ్గర లేకపోతే ఆ భారం మీ నెత్తిన పడుతుంది, డబ్బు కట్టకముందే చూపించమనండి. అమెరికా టైటిల్ కాగితం (ఓనర్‌షిప్ పత్రం) కూడా ఒరిజినల్ ఉండాలి, దాని మీద సాల్వేజ్ అని, అంటే బాగా దెబ్బతిన్న బండి అని ఉందేమో చూడండి. తయారైన తేదీకి రుజువుగా గేడన్ లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్ళు హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు, రిజిస్ట్రేషన్ కి పెట్టే వి55/5 ఫారంతో పాటు అది జత చేస్తే పని తేలికవుతుంది. 40 ఏళ్ళు దాటింది కాబట్టి హిస్టారిక్ క్లాసులో వేయించుకుంటే రోడ్ ట్యాక్స్ సున్నా, కానీ డబ్బు కట్టేది లేకపోయినా ప్రతి ఏడాదీ ట్యాక్స్ రెన్యూ చేసుకోవడం మాత్రం తప్పదు. పెద్ద మార్పులు చెయ్యని బండికి ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) అక్కర్లేదు, లండన్ కాలుష్య రుసుము యూలెజ్ కూడా కట్టక్కర్లేదు. ఎంఓటీ అక్కర్లేకపోయినా నేనైతే ఏడాదికోసారి చేయించమనే అంటాను, బ్రేకులు వేరేవాళ్ళ కళ్ళతో కూడా చూడాలి.

లైట్ల విషయం అశ్రద్ధ చెయ్యొద్దు. అమెరికా లైట్లు డిమ్ లో కుడి అంచు వైపు వెలుగు వేస్తాయి, ఇక్కడ ఆ వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. అదృష్టం ఏంటంటే ఇవి ఏడంగుళాల గుండ్రటి లైట్లు, ఇక్కడి రైట్ హ్యాండ్ యూనిట్లు చవగ్గా దొరుకుతాయి, అవే సరిగ్గా సరిపోతాయి. లైటు మీద వెలుగు మళ్ళించే స్టిక్కర్లు అంటించి సరిపెట్టుకోవడం టూరిస్టులకి. వెనక ఇండికేటర్లు ఎర్రగా వెలుగుతున్నాయేమో చూడండి, 1965 సెప్టెంబర్ తర్వాతి బండ్లకి ఇక్కడ ఆరెంజ్ రంగే ఉండాలి. స్పీడోమీటర్ మైళ్ళలోనే ఉంటుంది కాబట్టి యూరప్ నుంచి తెచ్చిన బండ్లకున్న కిలోమీటర్ల స్పీడోమీటర్ తలనొప్పి లేదు. 2021 నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ ఈ10, అంటే పది శాతం దాకా ఎథనాల్ కలిపినది, ఆ ఎథనాల్ పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది, సూపర్ అన్‌లెడెడ్ ఈ5 కొట్టించండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి లెఫ్ట్ హ్యాండ్ అని చెప్పి, బండి విలువ ముందే ఒప్పుకునే పాలసీ తీసుకోండి.

ప్రశ్న వేసినవారు

చివరిగా ఒకటి. ఎప్పుడైనా హైదరాబాద్ వచ్చేస్తే ఈ కారు తెచ్చుకోవచ్చా?

జవాబు (హైదరాబాద్ నుంచి)

నడపడం వరకైతే మన చట్టం ఒప్పుకుంటుందండి, 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం ఎడమ స్టీరింగ్ బండికి పనిచేసే సిగ్నల్ పరికరం ఉండాలి. మన ఊళ్ళల్లో పాత జీపుల వెనక లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ అని పెయింట్ చేసి ఉండేది చూడండి, డ్రైవర్ చెయ్యి బయటపెట్టి సిగ్నల్ ఇచ్చినా కుడివైపు వాళ్ళకి కనపడదు కాబట్టి అలా రాసేవాళ్ళు. కష్టమంతా దిగుమతి దగ్గరే. వాడిన మామూలు కారుకి మూడేళ్ళ లోపుదై ఉండాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి అన్న షరతులున్నాయి, వింటేజ్ బండ్లకి రూల్స్ వేరు. 2021 నుంచి 50 ఏళ్ళు దాటిన వాటికి నంబర్ లో వీఏ అక్షరాలతో పదేళ్ళ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు, కానీ ర్యాలీలకి, ఎగ్జిబిషన్లకి, సర్వీసింగ్ కి, పెట్రోల్ కి తప్ప రోజూ తిప్పకూడదు. మీరు వచ్చే నాటికి ఉన్న దిగుమతి రూల్ చూసుకుని, కస్టమ్స్ ఏజెంట్ దగ్గర లెక్క రాతపూర్వకంగా తీసుకున్నాకే బండిని ఓడ ఎక్కించండి.