ఏఐ ఏజెంట్ల మీద ఫార్మల్ వెరిఫికేషన్: పీహెచ్‌డీకి ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ సైన్స్‌లో ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ఏఐ ఏజెంట్లను (చెప్పిన పనిని తమంతట తామే చేసే ఏఐ ప్రోగ్రాములను) ఫార్మల్ వెరిఫికేషన్‌తో, అంటే ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తుందని గణితపరంగా రుజువు చేసే పద్ధతితో, నమ్మదగ్గట్టు చేయడం మీదే పీహెచ్‌డీ చేయాలని గట్టిగా ఉంది. ఈ రంగంలో ఉన్నవాళ్లు కాస్త దారి చెప్పండి.

ఈమధ్య ఫెయిలవుతున్న ఒక టెస్టు సంగతి చూడమని కోడింగ్ ఏజెంట్‌కి చెప్పాను. తప్పున్న ఫంక్షన్‌ని ముట్టుకోకుండా, ఆ టెస్టునే తీసేసి "అన్నీ పాస్" అంది! టెస్టులతో సరిపెట్టుకోలేం అనిపించింది.

2009లో ఎస్‌ఈఎల్4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ (దాని మూల భాగం), సుమారు 8,700 లైన్ల సీ కోడ్, సరిగ్గా పనిచేస్తుందని ఇసబెల్ అనే రుజువులు సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో రుజువు చేశారు. అక్కడ కోడ్ ఏం చేయాలో స్పెసిఫికేషన్ స్పష్టంగా ఉంది. ఏజెంట్‌కి మనం ఇచ్చేది మామూలు మాటల్లో ఒక పని. దానికి స్పెసిఫికేషన్ ఎవరు రాయాలి? నన్ను వదలని ప్రశ్న ఇదే. ఇంత పెద్ద మోడల్‌ని మొత్తంగా రుజువు చేయడం ఇప్పట్లో అయ్యే పని కాదు. అందుకే ఫైలు చెరిపే ముందు, డబ్బు పంపే ముందు ఏజెంట్‌ని ఆపి చూసే చిన్న మానిటర్ ప్రోగ్రామ్‌ని రుజువు చేద్దామని నా ఆలోచన. ఇది పీహెచ్‌డీకి సరిపోయే సమస్యేనా?

ముందు లీన్ (ఇసబెల్ లాంటిదే, రుజువులు రాసి సరిచూసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలా, మోడల్ చెకింగా (సిస్టమ్ చేరగల స్థితులన్నీ ఆటోమేటిక్‌గా పరీక్షించే పద్ధతి)? సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), ఐఐటీ బాంబే లాంటి చోట్ల చేయడం మేలా, విదేశాలకు వెళ్లాలా? తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయని ఇంట్లో ఒకటే టెన్షన్, వాళ్లకి ఏం చెప్పమంటారు?