కర్నూలు ఎండలో గేమింగ్ కంప్యూటర్: డబ్బు గ్రాఫిక్స్ కార్డుకా, ఎస్‌ఎంపీఎస్‌కా?

బురుజు పక్క కుర్రాడు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఉల్లి అమ్మిన డబ్బులోంచి నాన్న 65 వేలు నా చేతిలో పెట్టి, "మళ్లీ అడగకు" అన్నారు. మానిటర్ పాతదే, 1080 పిక్సెళ్లు, 75 హెర్ట్జ్, అంటే సెకనుకు 75 ఫ్రేములు (బొమ్మలు) చూపేది. రోజూ ఆడేది వాలరెంట్. సెలవుల్లో జీటీఏ 5.

రెండు జాబితాలు వేసుకున్నాను. రెండింటిలోనూ రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. మొదటి జాబితాలో ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, క్యాబినెట్‌తోపాటు వచ్చే 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా). రెండో జాబితాలో ఆర్‌ఎక్స్ 6600 కార్డు, పేరున్న కంపెనీ 550 వాట్ల, బ్రాంజ్ ముద్ర ఉన్న ఎస్‌ఎంపీఎస్, 1000 వీఏ యూపీఎస్. ఖర్చు ఇంచుమించు సమానం. స్నేహితులందరూ మొదటిదే తీసుకోమంటున్నారు.

నా గది మిద్దె మీద ఉంది, మే నెలలో మధ్యాహ్నం లోపల కూర్చోలేం. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. పాత కంప్యూటర్ క్యాబినెట్ తాకితే అప్పుడప్పుడు చేతికి జివ్వుమంటుంది, అది వేరే సంగతి. ఏ జాబితా మేలు?

ఫ్రేముల పిచ్చి (అనంతపురం)

మొదటిదే తమ్ముడూ. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఎస్‌ఎంపీఎస్ పోతే మర్నాడు ఇంకోటి తెచ్చుకుంటావు. కార్డు అలా కాదు, ఒకసారి తక్కువది కొంటే ఐదేళ్లు దానితోనే కాపురం. 4060కి డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్న బొమ్మను పెద్దది చేసి వేగం పెంచే ఏర్పాటు) ఉంది, ఫ్రేములను పుట్టించే సదుపాయం ఉంది. 6600కి డీఎల్‌ఎస్‌ఎస్ లేదు.

లెక్క కూడా చెబుతాను. 4060 తినేది 115 వాట్లు. 5600 ప్రాసెసర్ ఎంత కష్టపడినా 76. ఫ్యాన్లు, బోర్డు, ర్యామ్ అన్నీ కలిపి 50 వేసుకో. మొత్తం 241. 500 వాట్ల డబ్బా తన 500లో సగం కూడా మోయలేదా?

ఏడు రోడ్ల మెకానిక్ (కడప)

పదకొండేళ్లుగా కంప్యూటర్లు బిగించి ఇస్తున్నాను. పైన ఆయన వేసిన లెక్కలో తప్పేమీ లేదు, 500 అన్న అంకె తప్ప.

ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన స్టిక్కర్ చదవండి. అందులో 12 వోల్టుల గడి ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ అయినా, గ్రాఫిక్స్ కార్డు అయినా కరెంటు లాగేది దాదాపుగా అక్కడి నుంచే. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన డబ్బా ఒకటి ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. ముందు వైపు 500 అని పెద్ద అక్షరాలు, పక్కన 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. పన్నెండును పదహారుతో గుణించండి: 192 వాట్లు. మిగతా మూడు వందలు 5 వోల్టులు, 3.3 వోల్టుల పేరిట రాసుకున్నారు. ఈ కాలపు కంప్యూటర్‌కు వాటితో పెద్దగా పని లేదు. మీ 241 వాట్లు దీని మీద ఎలా కూర్చుంటాయి? మంచి 550 వాట్ల దాంట్లో 12 వోల్టుల మీదే 500కు పైగా ఉంటుంది.

దుకాణాల వాళ్లను తిట్టే ముందు ఒక మాట. వచ్చిన ప్రతివారూ "కార్డు ఏది, ర్యామ్ ఎంత" అని అడుగుతారు. ఎస్‌ఎంపీఎస్ ఏమిటని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ధర తగ్గించమన్నప్పుడు దుకాణదారు కోత పెట్టేది ఎవరూ అడగని చోటే. నేనూ పెట్టాను. 2019 వేసవిలో ఒక ఫొటో స్టూడియోకు బిగించి ఇచ్చిన కంప్యూటర్‌లో చౌక డబ్బా ఢామ్మని పేలింది. పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును వెంట తీసుకుపోయింది. ఆ డిస్కులో నాలుగు పెళ్లిళ్ల ఫొటోలు ఉన్నాయి. వాటిలో ఒక పెళ్లికూతురి తండ్రి నా దుకాణం ముందు నిలబడి ఏమీ అనకుండా చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "మర్నాడు ఇంకోటి తెచ్చుకుంటావు" అన్నారే, అది ఒంటరిగా పోతే కదా.

ఫ్రేముల పిచ్చి

సరే అన్నా, స్టిక్కర్ సంగతి ఒప్పుకుంటున్నాను. ఆ డబ్బా వద్దు. అయితే మూడో జాబితా చూడండి: 4060, మంచి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ మాత్రం వద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉండగా యూపీఎస్ ఎందుకు? పైగా ఆ ధరకు దొరికే యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు నిఖార్సైన సైన్ తరంగం (గోడ కరెంటులా నున్నగా సాగేది) ఇవ్వవు, మెట్లు మెట్లుగా ఉండేది ఇస్తాయి. ఆ డబ్బుతో కార్డు వస్తుంది.

సాకెట్ సోది (కర్నూలు)

అసలు ఈ రైజెన్ 5600 కూర్చునే ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ అమర్చే చోటు) ఎందుకు? 2017 నాటి రైజెన్‌ల కాలం నుంచీ ఉన్నదే. ఏఎం5 తీసుకుంటే 2027 దాకా కొత్త ప్రాసెసర్లు వస్తాయని రైజెన్ తయారుచేసే ఏఎండీ వారే చెప్పారు.

ఏడు రోడ్ల మెకానిక్

దానికి డీడీఆర్5 ర్యామ్ కావాలి, బోర్డు ధర కూడా ఎక్కువ. 65 వేలలో కార్డుకు ఏమీ మిగలదు. లక్ష ఉంటే మీ మాటే నా మాట.

తాడిపత్రి నల్లరాయి

ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ వద్దన్న మాట సగం నిజం. ఆ సగం ఏ ఇంటిదన్నది చూడాలి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు ఒక చిన్న ఖాళీ ఉంటుంది. ఫ్యానుకు, ట్యూబ్‌లైటుకు అది పట్టదు. కంప్యూటర్‌కు పడుతుంది. ఆ ఖాళీలో ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్న నిల్వతో నెట్టుకురావాలి. మంచిదైతే నిండు బరువు మీద కూడా దాదాపు సెకనులో అరవయ్యో వంతు నిలుస్తుంది. చౌకదాంట్లో కెపాసిటరే చిన్నది, కాబట్టి లైట్లు రెపరెపలాడేలోపే కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. చాలా ఇన్వర్టర్లకు 'యూపీఎస్' అని ఒక మీట ఉంటుంది, అది వేస్తే ఖాళీ బాగా తగ్గుతుంది. మా ఇంట్లో ఆ మీట ఉందన్న సంగతే మూడేళ్ల దాకా ఎవరికీ తెలియదు.

రెండోది, మీ ఇన్వర్టర్ సైన్ తరంగానిదా, పాత చతురస్ర తరంగానిదా? ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో కరెంటును సాఫీగా లాగే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే ఏర్పాటు ఉంటుంది. చతురస్ర తరంగం దానికి సరిపడదు. గుయ్‌మని మూలుగుతుంది, కొన్నిసార్లు చటుక్కున ఆగిపోతుంది. మెట్ల తరంగం యూపీఎస్‌తో కూడా కొన్ని పేచీ పెడతాయి, ఫ్రేముల పిచ్చి గారు చెప్పింది అక్కడ నిజమే. కానీ మంచి కంపెనీల ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు తట్టుకుంటాయి. పైగా బ్యాటరీ మీద ఉన్నప్పుడు యూపీఎస్ పని ఆట ముగించి కంప్యూటర్ ఆపుకొనేందుకు ఐదు నిమిషాలు ఇవ్వడమే. అంతకన్నా ముఖ్యమైన పని అది రోజంతా చేస్తుంది: వోల్టేజి పడినప్పుడు లేపుతుంది, లేచినప్పుడు దించుతుంది. సాయంత్రం వీధిలో బోరు మోటార్లు ఒక్కసారిగా మొదలైతే బల్బు ఎంత మసకబారుతుందో చూసిన వాళ్లకు ఈ మాట చెప్పనక్కర్లేదు.

ఎండ సంగతికి వస్తే, బ్రాంజ్, గోల్డ్ అనే 80 ప్లస్ ముద్రలు 23 డిగ్రీల గదిలో పరీక్షించి ఇచ్చేవి. అవి చెప్పేది కరెంటు ఎంత వృథా అవుతుందన్నది, రక్షణ ఉందా లేదా అన్నది కాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మిద్దె మీది గది ఆ పరీక్షకు దగ్గరలో కూడా ఉండదు. గదిలో పది డిగ్రీలు పెరిగితే లోపలి భాగాలూ ఇంచుమించు అంత వేడెక్కుతాయి. ప్రాసెసర్, కార్డు తెలివైనవి, వేడి మించితే తామే వేగం తగ్గించుకుంటాయి. చౌక ఎస్‌ఎంపీఎస్‌కు ఆ తెలివి లేదు. ముందు భాగమంతా అద్దంతో మూసిన క్యాబినెట్ మాత్రం కొనకండి. జల్లెడలా గాలి లోపలికి వచ్చేది తీసుకోండి.

మా ఊళ్లో దీనికి ఇంకో తలనొప్పి, రాయి పాలిష్ దుమ్ము. ఫ్యాన్లు బయటికి తోసేదానికన్నా లోపలికి తీసుకునేది ఎక్కువ ఉండేలా పెట్టి, ఆ వైపు జాలీ అమర్చితే సందుల్లోంచి దుమ్ము దూరదు. జాలీ నెలకోసారి కడగాలి. నేను రెండు నెలలకోసారి కడుగుతాను, అది నా బద్ధకం.

గడియారస్తంభం (అనంతపురం)

ఇద్దరూ కార్డు గురించి కొట్టుకుంటున్నారు, కుర్రాడు ఆడేది వాలరెంట్. ఆ ఆటకు ప్రాసెసర్ ముఖ్యం, ఈ రెండు కార్డులూ దానికి ఎక్కువే. మానిటర్ చూపగలిగేది సెకనుకు 75 ఫ్రేములు. 4060 మూడు వందలు పుట్టించినా కళ్లకు చేరేవి అవే 75. తూము సన్నగా ఉన్నప్పుడు చెరువు నిండినా పొలానికి వచ్చే నీళ్లు అంతే.

ఇంకా మిగుల్చుకోవాలంటే కంప్యూటర్ దుకాణాలుండే బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత కార్డు చూసుకోవచ్చు. అయితే 2022 సెప్టెంబర్ 15న గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో నాణేన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, రాత్రీపగలూ అరిగిన కార్డులు చాలా సంతకెక్కాయి. వారంటీ మిగిలి ఉండి, బిల్లు చేతికిస్తేనే ముట్టుకోండి.

ఫ్రేముల పిచ్చి

మానిటర్ రేపు మారుతుంది కదా సార్! ఉద్యోగం రాగానే ఈ కుర్రాడే 144 హెర్ట్జ్‌ది కొంటాడు. అప్పుడు 6600ను చూసి ఏడుస్తాడు.

గడియారస్తంభం

ఉద్యోగం వచ్చినప్పుడు కార్డు కూడా కొంటాడు. అప్పటికి 4060 కూడా ముసలిదే అవుతుంది. ఆనాటికి ఇదే ఎస్‌ఎంపీఎస్ పనికొస్తుంది, ఇదే యూపీఎస్ బ్యాటరీ మార్చుకుని పనిచేస్తుంది.

ఏడు రోడ్ల మెకానిక్

ఇంతమంది ఇంత రాశారు, కుర్రాడి మొదటి పోస్టులో ఒక వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. "క్యాబినెట్ తాకితే జివ్వుమంటుంది, అది వేరే సంగతి."

అది వేరే సంగతి కాదు నాయనా, మొదటి సంగతి అదే. ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ గోలను వడపోయడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండూ బయటి ఇనుప డబ్బాకే కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే అటుగా వచ్చినది భూమిలోకి పోతుంది. లేకపోతే సరఫరా వోల్టేజిలో ఇంచుమించు సగం క్యాబినెట్ మీదే కూర్చుంటుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ లోపల ఎప్పుడైనా ఫేజు వైరు డబ్బాకు తగిలితే నిన్ను కాపాడేది ఆ ఎర్తే. నువ్వు వేసుకున్న రెండు జాబితాల్లో ఏదీ దాని బదులు పనిచేయదు. మూడో పిన్ను గోడ లోపల దేనికి కలిసిందో ఎలక్ట్రీషియన్‌తో చూపించు.

బురుజు పక్క కుర్రాడు

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పాడు. ఆకుపచ్చ వైరు రెండు అంగుళాలు బయటికి ఉంది, చివర టేపు చుట్టి లోపలికి మడిచి పెట్టారు. ఇల్లు కట్టిన నాటి నుంచీ అలాగే ఉన్నట్టుంది. దాన్ని కిందినుంచి లాగి ఎర్త్‌కు కలిపాడు. పాత కంప్యూటర్ తాకి చూశాను, జివ్వుమనలేదు.

ఇన్వర్టర్ చతురస్ర తరంగానిదే అన్నా, తొమ్మిదేళ్ల నాటిది, యూపీఎస్ మీట కూడా లేదు. అందుకని మూడో జాబితా కుదరలేదు. రెండోదే ఆర్డర్ చేశాను, క్యాబినెట్ మాత్రం ముందు వైపు జాలీ ఉన్నదానికి మార్చాను.

ఫ్రేముల పిచ్చి

ఇన్వర్టర్ వల్ల ఓడిపోయాను, వాదన వల్ల కాదు. అది రాసిపెట్టుకోండి. ఇంతకీ ఎలక్ట్రీషియన్‌కు ఎంత అయింది తమ్ముడూ?

బురుజు పక్క కుర్రాడు

మూడు వందల యాభై. నాన్నే ఇచ్చారు, 65 వేలలోంచి కాదు.