జెనోసైడ్‌ని మారణహోమం అనొచ్చా?

ప్రశ్న: 1915లో ఒట్టోమన్ టర్కీలో ఆర్మేనియన్లకి జరిగినదాన్ని అమెరికా జెనోసైడ్‌గా గుర్తించడం మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. నేను మారణహోమం అని రాస్తే ఎడిటర్ గారు జాతిహననం అని మార్చేశారు. ఎంతమందికి తెలుస్తుందండీ ఆ మాట?

జవాబు: ఎడిటర్ గారిదే కరెక్టు. ఊచకోత, నరమేధం, మారణహోమం అంటే చాలామందిని ఘోరంగా చంపారని తెలుస్తుంది గానీ ఏ ఉద్దేశంతో చంపారో తెలియదు. పోలండ్ యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ 1944లో జెనోసైడ్ అన్న మాట పుట్టించింది ఆ ఉద్దేశం కోసమే, 1948 ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా ఒక సమూహాన్ని పూర్తిగానో కొంతగానో నాశనం చెయ్యాలన్న ఉద్దేశం ఉండాలంటుంది. ఆర్మేనియన్లు చాలామంది చనిపోయారని టర్కీ కూడా కాదనదు, యుద్ధంలో అన్ని వైపులా పోయారు, పథకం వేసి ఒక జాతిని తుడిచిపెట్టలేదు అంటుంది, అంతే. అందుకని మీరు మారణహోమం అని రాశారనుకోండి, ఆ కాస్త మాట అనడానికి వైట్‌హౌస్ అన్నేళ్ళు ఎందుకు నీళ్ళు నమిలిందో చదివేవాళ్ళకి అంతుపట్టదు.

ఒబామా 2008 ఎన్నికల ప్రచారంలో జెనోసైడ్ అన్న మాట అంటానన్నారు. గెలిచాక ఏటా ఆర్మేనియన్ల సంస్మరణ దినమైన ఏప్రిల్ 24న ‘మెడ్స్ యెగెర్న్’ అంటూ వచ్చారు. అది ఆర్మేనియన్లు తమ భాషలో వాడుకునే మాటే, మహా ఘోరం అని అర్థం. గడుసుతనం చూడండి! టర్కీ నాటో దేశం, అక్కడి ఇంజిర్లిక్ వైమానిక స్థావరంలో అమెరికా విమానాలుంటాయి మరి. 2019 అక్టోబరులో టర్కీ సైన్యం ఉత్తర సిరియాలోకి దిగింది, ఆ నెలాఖర్లోనే అమెరికా ప్రతినిధుల సభ అది జెనోసైడేనని 405-11తో తీర్మానం చేసేసింది. 1915 గురించి ఆ నెలలో కొత్తగా బయటపడిందేమీ లేదు, కోపం ఒక్కటే కొత్త. అధ్యక్షుడి హోదాలో బైడెన్ ఆ మాట అన్నది 2021లో.

ఇంకొకరు: రువాండా కూడా కలపండి. 1994లో అక్కడ టుట్సీలని ఊచకోత కోస్తుంటే అమెరికా విదేశాంగ శాఖ ‘జెనోసైడ్ చర్యలు’ జరిగాయంది గానీ జెనోసైడ్ అనడానికి తటపటాయించింది. అలాంటి చర్యలు ఎన్నయితే జెనోసైడ్ అవుతుందని ఒక విలేఖరి అడిగితే, ఆ ప్రశ్నకి జవాబు చెప్పే స్థితిలో లేనని ప్రతినిధి తప్పుకున్నారు. ఆ మాట అంటే, ఆపాల్సిన బాధ్యత గురించి ఒప్పందం పట్టుకుని అడుగుతారు కదా. ఇది మారణహోమ చర్యలు అని తెలుగు చేస్తే అర్థంపర్థం ఉంటుందా?

ప్రశ్న: సరేనండీ, కానీ ఒప్పందంలో మత సమూహాలూ ఉన్నాయి. వాటికి జాతి అంటే ఎలా?

జవాబు: అది నిజమే, మన జాతి అన్న మాట మరీ వదులు, మామిడిపళ్ళకీ వాడతాం. మొదటిసారి జాతిహననం (జెనోసైడ్) అని రాసి, ఒక్క వాక్యంలో నిర్వచనం ఇచ్చెయ్యండి. మారణహోమాన్ని బతికి బయటపడ్డవాళ్ళ కథనాల దగ్గర వాడుకోండి, తీర్మానాల దగ్గర మాత్రం వద్దు.