రెండో పూతకే ముడతలు పడుతున్న జీపు బానెట్: పాత రంగు మొత్తం గీకాలా?

మాది పర్లాకిమిడి. 1997 నాటి డీజిల్ జీపుకు మొదటిసారి సొంతంగా రంగు వేస్తున్నాను. టాపు, వెనక తలుపు చక్కగా వచ్చాయి. బానెట్, ఎడమ మడ్‌గార్డు మాత్రం లొంగడం లేదు.

320 నంబరు వాటర్ పేపరుతో రుద్ది, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్; ఘాటైన థిన్నరు కలిపి కొట్టే, త్వరగా ఆరే రకం) ప్రైమర్, అంటే అడుగు పూత, కొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, ఎన్‌సీ రంగు కొట్టాను. మొదటి పూత బాగానే ఉంది. పావుగంట ఆగి రెండోది కొట్టగానే, అయిదు నిమిషాల్లో పాల మీద మీగడలా ముడతలు తేలాయి. వాన తేమ వల్లనేమో అనుకుని ఎండ కాసిన రోజున మళ్లీ చేశాను, అదే తంతు. అయినా తేమైతే రంగు తెల్లగా మసకబారాలి గాని, ముడత పడదు కదా. పూతలు పల్చగా, అరగంట ఎడంతో వేసినా లాభం లేకపోయింది.

చివరికి అదే థిన్నరులో తడిపిన గుడ్డను పాత రంగు మీద రెండు నిమిషాలు ఉంచి చూశాను. టాపు మీద ఏమీ కాలేదు. బానెట్ మీద రంగు ఉబ్బి లేచింది. వెనకటి యజమాని అక్కడ ఇంటి తలుపులకు వేసే ఎనామిల్ పూసినట్టున్నాడు, పుణ్యాత్ముడు!

ఆ రెండు భాగాలనూ రేకు కనబడేదాకా గీకక తప్పదా, లేక పైన ఎపాక్సీ ప్రైమర్ (గట్టిపరిచే మందు కలిపి కొట్టే రకం) కొట్టి ఎన్‌సీ రంగు వేస్తే నిలుస్తుందా?