మైక్రాన్లు పెరిగాయి సరే, ప్లాస్టిక్ తగ్గిందా?

పూర్ణామార్కెట్ కిరాణా:
పల్చటి కవర్ల నిషేధంతో విశాఖలో ప్లాస్టిక్ తగ్గిందని నమ్మేవారు ఎవరైనా ఉంటే రండి, వాదించుకుందాం. నేనైతే నమ్మను. సర్కారు జనం అలవాటు జోలికి పోకుండా కవరు మందం మీద పడింది. 2016లో కనీసం 50 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉండాలన్నారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 అన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి 120 అన్నారు. అదే కొలత కవరుకు ఇప్పుడు రెండింతలకు పైగా ప్లాస్టిక్ పడుతుంది. కొనడానికి వచ్చేవారు మాత్రం చేతులూపుకుంటూనే వస్తున్నారు.

ఇక అందరూ గుడ్డ సంచి అనుకుంటున్న, నేత లేని ‘నాన్‌వోవెన్’ సంచి సంగతి. వెలుగుతున్న అగరుబత్తి కొన దానికి తాకించి చూడండి. నూలు గుడ్డయితే కాలి బూడిద రాలుతుంది. ఇది ముడుచుకుపోయి, కరిగి, గట్టి పూసగా మిగులుతుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ మరి! చదరపు మీటరుకు 60 గ్రాములు తూగితే కేంద్ర నిబంధనకు అది సక్రమమే.

సీతమ్మధార వాసి:
సగమే చెప్పారండీ. మందం పెంచడంలో ఉద్దేశం వేరు. ఖరీదు పెరిగితే కొట్టువాళ్లు ఊరికే ఇవ్వరు. బరువుంటే చెత్త ఏరుకునేవాళ్లు వదిలిపెట్టరు. పల్చటి కవర్లు ఎన్ని ఏరినా తూకానికి రావు కాబట్టే అవి గెడ్డల్లో పడి, వానలకు కొట్టుకుపోయి సముద్రంలో తేలుతున్నాయి. లోపం అమలుది, నిబంధనది కాదు.

పూర్ణామార్కెట్ కిరాణా:
‘అమలు లోపం’ అన్నది ప్రతి ఆదేశమూ వెంట తెచ్చుకునే ముందస్తు బెయిలు. ఖరీదు పెరిగిన మాట నిజమే, ఆ ఖరీదు భరిస్తున్నది నేను. కవరు లేదంటే బేరం పక్క కొట్టుకు పోతుంది. ఇంకో చిత్రం చూడండి. ముందే సీలు వేసిన ప్యాకెట్టు ఆ నిబంధనల్లోని క్యారీబ్యాగు నిర్వచనంలోకి రాదు. పెద్ద కంపెనీ కందిపప్పు ప్లాస్టిక్ ప్యాకెట్టులో నా అరల మీదే దర్జాగా కూర్చుంటుంది. అదే పప్పు నేను బస్తాలోంచి తూచి పల్చటి కవరులో పోసిస్తే జరిమానా. కాగితంలో పొట్లం కట్టి దారం చుట్టడం తెలిసిన కుర్రాళ్లు ఇప్పుడు దొరకరు. ఇలా విడి సరుకు పోయి ప్యాకెట్ల సరుకు పెరిగితే ఎవరికి లాభం?

సీతమ్మధార వాసి:
ప్యాకెట్ల కంపెనీలను వదిలేయలేదు. ఆ ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యతను కేంద్రం 2022 ఫిబ్రవరి మార్గదర్శకాలు వాటి మీదే పెట్టాయి.

పూర్ణామార్కెట్ కిరాణా:
వాళ్లకది సర్కారు వెబ్ పోర్టల్‌లో చూపించే లెక్క. నాకు గల్లాపెట్టె దగ్గర జరిమానా రసీదు.

పరాయి ఊళ్లో విశాఖవాసి:
ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు. కాలిఫోర్నియాలో 2014లో పల్చటి సంచులను నిషేధిస్తూ చట్టం చేశారు. మందపు సంచులను మాత్రం మళ్లీ మళ్లీ వాడతారని ఉంచారు. జనం వాటినీ ఒక్కసారి వాడి పారేశారు. చివరికి 2026 నుంచి అవి కూడా వద్దంటూ 2024లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది.

సీతమ్మధార వాసి:
అంటే తప్పు తెలిసి దిద్దుకున్నారు, చట్టాన్ని ఎత్తేయలేదు. నేను చెప్పేదీ అదే.

పూర్ణామార్కెట్ కిరాణా:
దిద్దుకోవడానికి పదేళ్లు పట్టింది సార్. ఆ పదేళ్ల చెత్త ఎవరి ఖాతాలో రాయాలి?

జాలరిపేట:
మీ ఇద్దరి వాదనా పప్పుల చుట్టూనే తిరుగుతోంది. తడి సరుకు సంగతేమిటి? మా అమ్మ చేపలు అమ్ముతుంది. వంజరం ముక్కలు కోసి కాగితంలో చుట్టి ఇస్తే బస్సు ఎక్కేలోపే నీచునీళ్లు కారతాయి, కండక్టరు దింపేస్తాడు. కాబట్టి కవరు లేకుండా కుదరదు, ఎన్ని మైక్రాన్లని ఎవరూ అడగరు. అయితే స్టీలు డబ్బా తెచ్చుకున్నవారికి అమ్మ నాలుగు రొయ్యలు కొసరు వేస్తుంది. అలా కొసరు తీసుకున్నవారు మళ్లీ డబ్బాతోనే వస్తారు. జరిమానాల భయంతో డబ్బా తెచ్చినవారిని మాత్రం నేను చూడలేదు.

పూర్ణామార్కెట్ కిరాణా:
అమ్మగారి పద్ధతి బాగుంది. కానీ కిలో పప్పు మీద నాకు మిగిలే దానిలో కొసరు ఎక్కడి నుంచి తేను? వసూలైన జరిమానాల్లో కొంత, సంచి తెచ్చుకున్నవారికి తగ్గింపుగా ఇప్పించమని నగరపాలక సంస్థకు అర్జీ రాస్తాను. సంతకం పెట్టేవారెవరు?

సీతమ్మధార వాసి:
నేను పెడతాను. నిషేధం ఎత్తేయమని అందులో ఒక్క ముక్క రాసినా పెట్టను.