గ్రాల్‌వీఎంతో ఈఎక్స్‌ఈ చేస్తే ఎస్‌క్యూలైట్ డ్రైవర్ దొరకడం లేదు

కాంటా_మిర్యాలగూడ:

అందరికీ నమస్తే. మా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వే బ్రిడ్జి దగ్గర నడిచే జావా ప్రోగ్రాం నా నెత్తిన పడింది. రాసినాయన హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే వెళ్లిపోయాడు. నల్ల స్క్రీన్ ప్రోగ్రామే. ఆపరేటర్ లారీ నంబరు, బరువు కొడితే గ్రాస్ (లోడుతో బరువు) లోంచి టేర్ (ఖాళీ లారీ బరువు) తీసేసి, తేమకు తరుగు కట్టి, చీటీ ప్రింటర్‌కు పంపుతుంది. డేటాబేస్ మిల్లు కంప్యూటర్‌లో ఎస్‌క్యూలైట్, ఆఫీసులో పోస్ట్‌గ్రెస్. జార్ (ప్రోగ్రాం అంతా ఉండే జావా ఫైల్) మాత్రం ఒక్కటే. ఏ డ్రైవర్ (డేటాబేస్‌తో మాట్లాడే కోడ్) వాడాలో ప్రాపర్టీస్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో రాసి ఉంటుంది.

అక్కడ కంప్యూటర్ ఫార్మాట్ అయినప్పుడల్లా జావా పోతుంది. యాసంగి వడ్లు దిగే టైమ్‌లో లారీలు రోడ్డు దాకా లైన్ కట్టి ఉంటాయి, అప్పుడు నాకు ఫోన్. అందుకే జావా అవసరం లేకుండా ఒక్క ఈఎక్స్‌ఈ చేసి ఇద్దామనుకున్నా. గ్రాల్‌వీఎం జేడీకే 21 (జావా కిట్), అందులో జావా కోడ్‌ను నేరుగా ఈఎక్స్‌ఈగా మార్చే నేటివ్-ఇమేజ్ టూల్, నో-ఫాల్‌బ్యాక్ (జావా అవసరమయ్యే ఈఎక్స్‌ఈ చేయొద్దు అనే) ఆప్షన్ పెట్టి బిల్డ్ చేశాను. ఎర్రర్ లేకుండా అయిపోయింది. జార్‌గా నడిపితే అంతా బాగుంది. ఈఎక్స్‌ఈ నడిపితే మాత్రం 'నో సూటబుల్ డ్రైవర్ ఫౌండ్' అంటుంది. డ్రైవర్ జార్ లోపలే ఉంది కదా, ఎందుకు దొరకదు?

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్):

తమ్మీ, ముందు రెండు సంగతులు చూసి చెప్పు. ఒకటి, కోడ్‌లో క్లాస్.ఫర్‌నేమ్ (పేరు ఇస్తే ఆ క్లాస్‌ను, అంటే కోడ్ ముక్కను, తెచ్చేది) ఉందా, దాని చుట్టూ ఎర్రర్‌ను పట్టుకునే క్యాచ్ ఖాళీగా ఉందా? రెండు, జార్‌ను జిప్‌లాగ తెరిచి, మెటా-ఇన్ఫ్ కింద సర్వీసెస్ ఫోల్డర్‌లో 'జావా.ఎస్‌క్యూఎల్.డ్రైవర్' అనే ఫైల్‌లో ఎన్ని లైన్లున్నాయి?

కాంటా_మిర్యాలగూడ:

అన్నా, క్లాస్.ఫర్‌నేమ్ ఉంది. ప్రాపర్టీస్ నుంచి చదివిన పేరే దానికి ఇస్తున్నాడు. క్యాచ్ ఖాళీనే. ఫైల్‌లో ఒక్కటే లైను, పోస్ట్‌గ్రెస్‌ది.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్):

అయితే తెలిసిపోయింది. జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌ను వాడే పద్ధతి) డ్రైవర్ లోపలికి రావడానికి రెండు దారులున్నాయి, నీకు రెండూ మూసుకుపోయాయి.

జేడీబీసీ 4.0 నుంచి, అంటే జావా 6 నుంచి, జావాలోని డ్రైవర్‌మేనేజర్ ఆ సర్వీసెస్ ఫైల్ చదివి డ్రైవర్లను తనే లోడ్ చేసుకుంటుంది. కానీ రెండు డ్రైవర్లలోనూ ఆ ఫైల్ పేరు ఒకటే. మేవెన్ షేడ్ (మేవెన్ బిల్డ్ టూల్ ప్లగిన్) తో అన్నీ కలిపి ఒక్క జార్ చేసినప్పుడు ఒకటే మిగిలి, ఎస్‌క్యూలైట్ లైను ఎగిరిపోయింది. మామూలు జావాలో ఇది బయటపడదు. క్లాస్.ఫర్‌నేమ్ నడిచే టైమ్‌కి జార్‌లో వెతికి క్లాస్‌ను తెస్తుంది, డ్రైవర్ తన పేరు తానే రిజిస్టర్ చేసుకుంటుంది.

నేటివ్ ఇమేజ్‌లో ఆ వెతుకులాట ఉండదు. బిల్డ్ అప్పుడు మెయిన్ నుంచి మొదలుపెట్టి ఏ క్లాస్‌కు దారి ఉందో అదే లోపల పెడుతుంది. రేషన్ కార్డులో పేరెక్కని మనిషికి బియ్యం రానట్టే, మిగతావి ఈఎక్స్‌ఈలో ఉండనే ఉండవు. క్లాస్.ఫర్‌నేమ్‌కు కోట్స్ మధ్య పేరు నేరుగా రాస్తే అది కనిపెట్టుకుంటుంది. నీది ప్రాపర్టీస్ నుంచి వచ్చే పేరు, బిల్డ్ అప్పుడు దానికి ఎట్లా తెలుస్తుంది? క్లాస్ దొరకలేదన్న అసలు ఎర్రర్‌ను ఆ ఖాళీ క్యాచ్ మింగేసింది.

పాత జీసీజే (జీసీసీ కంపైలర్‌లో జావాను నేరుగా మెషిన్ కోడ్ చేసే భాగం) కాలంలోనూ ఇదే గోల. డ్రైవర్‌ను స్టాటిక్ లైబ్రరీగా కలిపితే, దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదని లింకర్ (కోడ్ ముక్కలను ఒక్క ఫైల్‌గా కలిపేది) వదిలేసేది. ఆ జీసీజేను 2017లో జీసీసీ 7 వచ్చినప్పుడు తీసేశారు.

చేయాల్సిన పని చిన్నదే. షేడ్‌లో సర్వీసెస్‌రిసోర్స్‌ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు, రెండు లైన్లూ ఫైల్‌లో ఉంటాయి. నేనైతే ఇంకొకటి కూడా చేస్తా: ప్రాపర్టీస్‌లో ఎస్‌క్యూలైట్ ఉంటే ఇది, లేకపోతే అది అని ఒక ఇఫ్ పెట్టి రెండు డ్రైవర్ల పేర్లూ కోడ్‌లోనే రాసేస్తా. ఉన్నవి రెండే కదా. ఆ క్యాచ్‌లో ఎర్రర్ ప్రింట్ చేయి.

ఎస్‌క్యూలైట్ డ్రైవర్ వెర్షన్ కూడా చూడు. అది పూర్తిగా జావా కాదు, లోపల సీ లో రాసిన డీఎల్ఎల్ ఉంటుంది. 3.40.1.0 నుంచి నేటివ్ ఇమేజ్‌కు కావాల్సిన కాన్ఫిగ్ దానితోనే వస్తుంది. పాతదైతే జేఎన్ఐ (జావా, సీ కోడ్ కలిసే చోటు) దగ్గర మళ్లీ ఆగుతుంది.

క్లాక్‌టవర్_నల్లగొండ:

ఇంత తిప్పలు అవసరమా బ్రదర్? జేడీకేలోని జేలింక్ టూల్‌తో చిన్న జేఆర్ఈ (జావా ప్రోగ్రాంను నడిపే భాగం) చేసి ఫోల్డర్‌లో జార్ పక్కన పెట్టండి. ఫార్మాట్ అయితే పెన్‌డ్రైవ్ నుంచి ఫోల్డర్ కాపీ చేసుకుంటారు. జావా.ఎస్‌క్యూఎల్, జావా.నేమింగ్ మాడ్యూళ్లు మర్చిపోవద్దు. రిఫ్లెక్షన్ (నడిచే టైమ్‌లో పేరుతో క్లాస్‌ను వెతకడం) టెన్షనే ఉండదు.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్):

ఆ మాట కాదనను. కానీ ఒకే ఫైల్ ఉంటే మిల్లులో ఎవరికైనా వాట్సాప్‌లో పంపవచ్చు. ఫోల్డర్ అయితే అందులో ఒక ఫైల్ డిలీట్ చేసి మళ్లీ నీకే ఫోన్ చేస్తారు.

కాంటా_మిర్యాలగూడ:

అన్నా, డ్రైవర్ కొత్తది పెట్టి, మీరు చెప్పినట్టు చేస్తే నా ల్యాప్‌టాప్‌లో చీటీ వచ్చింది! మిల్లుకు తీసుకెళ్తే కొత్త ఎర్రర్: ఈ మెషిన్‌లో ఫలానా సీపీయూ ఫీచర్లు లేవు, ఏవీఎక్స్2 అని ఒక లిస్టు. అక్కడిది సెకండ్ జనరేషన్ ఐ3, దుమ్ము పట్టిన డబ్బా. పక్క మిల్లువాళ్లూ అడుగుతున్నారు, వాళ్లది 32 బిట్ విండోస్.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్):

ఇప్పటి గ్రాల్‌వీఎం మామూలుగా కొత్త ప్రాసెసర్ల కోసమే కోడ్ తయారు చేస్తుంది. ఏవీఎక్స్2 ఇంటెల్‌లో 2013 హాస్వెల్‌తో వచ్చింది, ఆ ఐ3 అంతకంటే పాతది. బిల్డ్‌లో మార్చ్ (-march, ఏ ప్రాసెసర్ కోసమో చెప్పే) ఆప్షన్‌కు 'కంపాటిబిలిటీ' అని ఇచ్చి మళ్లీ చేయి. స్పీడ్ కొంచెం తగ్గుతుంది, తూకం చీటీకి ఆ తేడా ఎవరికీ తెలియదు. బిల్డ్ నీ ల్యాప్‌టాప్‌లోనే చేసుకో, ఆ డబ్బా ర్యామ్‌కు అది అయ్యే పని కాదు.

ఇచ్చే ముందు ఆఫీసు పోస్ట్‌గ్రెస్‌తో కూడా నడిపి చూడు. ఎక్కడైనా రిఫ్లెక్షన్ ఎర్రర్ వస్తే గ్రాల్‌వీఎం ట్రేసింగ్ ఏజెంట్ (నడిచేటప్పుడు వాడిన క్లాసులను రాసుకునేది) పెట్టి జార్‌ను నడుపు, కాన్ఫిగ్ ఫైళ్లు అదే రాసిస్తుంది. ఒక్క చీటీ కొట్టి ఆపేయకు. నెల రిపోర్టు తీయి, తప్పు పాస్‌వర్డ్ కొట్టు, నెట్ కేబుల్ పీకు. నడిపిన దారులే అది రాసుకుంటుంది.

పక్క మిల్లుకు మాత్రం నేటివ్ ఇమేజ్ కుదరదు, 32 బిట్‌కు గ్రాల్‌వీఎం లేదు. వాళ్లకు క్లాక్‌టవర్ సార్ చెప్పిన జేలింకే దిక్కు. అదీ 32 బిట్ జేడీకే 17 తో చేయి.

క్లాక్‌టవర్_నల్లగొండ:

చూశారా, చివరికి నా ఫోల్డరే పనికొచ్చింది 😄 జేడీకే 17 తో చేసేటప్పుడు సోర్స్‌ను కూడా 17 కే కంపైల్ చేయండి. 21 కి చేసిన క్లాస్ ఫైళ్లు దాంట్లో ఎక్కవు.

కాంటా_మిర్యాలగూడ:

కంపాటిబిలిటీతో ఐ3లో నడిచింది. ఆపరేటర్ చీటీ చేతిలో పట్టుకుని "సైజు ఎందుకు మారలేదు" అని అడిగాడు. సాఫ్ట్‌వేర్ కొత్తదైతే చీటీ కూడా పెద్దగా వస్తుందనుకున్నాడట. పక్క మిల్లుకు ఆదివారం వెళ్తా.