స్టైపెండ్ తీసుకుంటూ డిగ్రీ: విశాఖలో అప్రెంటిస్‌షిప్ డిగ్రీ చేసినవాళ్లు ఉన్నారా?

పెదగంట్యాడ_అక్క:
మా తమ్ముడు ఈ ఏడాది ఇంటర్ సీఈసీ పాసయ్యాడు. ఒక కాలేజీలో బీబీఏ లాజిస్టిక్స్ ఉందట. రెండేళ్లు క్లాసులు, మూడో ఏడాదంతా కంపెనీలో అప్రెంటిస్, నెలనెలా స్టైపెండ్. చివరికి చేతికొచ్చేది మామూలు యూనివర్సిటీ డిగ్రీయే అంటున్నారు. నాన్న ఆటో నడుపుతారు. "చదువంటే చదువు, పనంటే పని. రెండు పడవల మీద కాళ్లు పెడితే నడిమధ్యన పడతాడు" అని ఆయన భయం. తమ్ముడికి మాత్రం చాలా ఇష్టంగా ఉంది. చేసినవాళ్లు ఉంటే మంచీ చెడూ రెండూ చెప్పండి.

షీలానగర్_యార్డ్:
అక్కా, నేను అదే కోర్సు చేశాను. మూడో ఏడాది షీలానగర్ వైపు ఒక కంటైనర్ యార్డులో పడ్డాను. నెలకి 10,000 ఇచ్చారు.

మొదటి నెల గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే ప్రతి కంటైనర్ నంబర్ చూడాలి, సీల్ చూడాలి, ఎక్కడైనా సొట్ట పడితే రాయాలి. ఇందుకేనా డిగ్రీ అని ఏడుపొచ్చింది. తర్వాత తెలిసింది అక్కడే అంతా ఉందని. కంటైనర్ నంబర్‌లో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చివరి అంకె ముందున్న పదింటినీ లెక్కకట్టి వేసేది. ఎక్కడో ఒక్క అక్షరం తప్పు కొడితే ఆ లెక్క సాధారణంగా కుదరదు. క్లాసులో ఇది ఒక పేరా. గేటు దగ్గర అయితే తప్పు రాసిన నంబర్ వల్ల లారీ రెండు గంటలు ఆగిపోతుంది, డ్రైవర్ మన మొహం చూస్తూ నిలబడతాడు. ఇంక జన్మలో మర్చిపోం.

మూడో నెల రీఫర్లకి, అంటే ఫ్రిజ్ లాంటి కంటైనర్లకి మార్చారు. మన విశాఖ నుంచి రొయ్యలు పోయేది వాటిలోనే. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ప్లగ్ పెట్టారా లేదా, టెంపరేచర్ ఎంత చూపిస్తోంది అని కొన్ని గంటలకోసారి తిరిగి రాసుకోవాలి. ఒక రాత్రి ఒక బాక్స్ మైనస్ 11 చూపించింది. పరుగెత్తి సూపర్‌వైజర్‌ని లేపాను. ప్లగ్ వదులైంది, అంతే. ఆయన అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు: ఎఫ్‌ఓబీ అనే ఎగుమతి ఒప్పందం మీద అమ్మితే ఓడ ఎక్కేదాకా సరుకు బాధ్యత అమ్మినవాడిదే, యార్డులో పాడైతే ఆ నష్టం మన జిల్లా రొయ్యల వ్యాపారి మీద పడుతుంది అని. ఎఫ్‌ఓబీ, ఓడ బాడుగ, బీమా కూడా అమ్మినవాడే కట్టే సీఐఎఫ్, రెండూ రెండేళ్లు బట్టీపట్టి రాశాను. అర్థమైంది మాత్రం ఆ రాత్రే.

ఇప్పుడు ఒక కస్టమ్స్ ఏజెంట్ ఆఫీసులో డాక్యుమెంట్లు చూస్తున్నాను. ఇంటర్వ్యూలో డిగ్రీ మార్కులు అడగలేదు, యార్డులో ఏం చేశావనే అడిగారు.

కామర్స్_మేడమ్:
నేను మద్దిలపాలెం వైపు ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. నాన్నగారి భయానికి జవాబు క్రెడిట్లలో, అంటే డిగ్రీకి లెక్కలోకి వచ్చే పాయింట్లలో ఉంది. యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్ల డిగ్రీలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్ల వరకు, నాలుగేళ్ల డిగ్రీలో రెండు నుంచి నాలుగు సెమిస్టర్ల వరకు అప్రెంటిస్‌షిప్ పెట్టవచ్చు. ఏడాది పనికి కనీసం 40 క్రెడిట్లు. అంటే ఆ పనే చదువులో భాగం, దానికి మార్కులు వేస్తారు, చదువు మానేసి చేసే పని కాదు. 2019 నియమాల ప్రకారం డిగ్రీ అప్రెంటిస్‌కి కనీస స్టైపెండ్ నెలకి 9,000. దీన్ని 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది. చేరేటప్పుడు ఏ రేటు అమల్లో ఉందో కాలేజీలో అడగండి.

ఇంకో మాట. స్టైపెండ్ పడే బ్యాంక్ ఖాతాకి ఆధార్ లింక్ ఇప్పుడే చేయించండి. పిల్లలు ఇక్కడే ఆగిపోతుంటారు.

ఎన్‌ఏడీ_కుర్రాడు:
నా అనుభవం వేరు. చెప్పకపోతే తప్పవుతుంది.

మా బ్యాచ్‌ని ఒక కంపెనీకి పంపారు. పేరు రాయను. మొదటి రోజు నుంచే పని మొదలైంది, కానీ అప్రెంటిస్ కాంట్రాక్ట్ ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు మేం కాగితం మీద ఎవరమూ కాదు. స్టైపెండ్ లేదు. అడిగితే కాలేజీని అడగమంటారు, కాలేజీలో అడిగితే కంపెనీని అడగమంటారు. ఇంట్లో నుంచే బస్సు ఛార్జీలు, టిఫిన్ డబ్బులు తెచ్చుకున్నాం. తర్వాత నాకు స్టాటిస్టిక్స్ బ్యాక్‌లాగ్ పరీక్ష వచ్చింది. సెలవు ఇవ్వనన్నారు. పరీక్ష మానేశాను, డిగ్రీ ఆరు నెలలు వెనక్కి పోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కోర్సు చెడ్డదని నేను అనను. కాంట్రాక్ట్ నంబర్ చేతికి రాకుండా తమ్ముడిని గేటు లోపలికి పంపకండి. పరీక్షల రోజుల్లో సెలవు ఇస్తామని రాతలో తీసుకోండి. నోటి మాట పనికిరాదు.

షీలానగర్_యార్డ్:
అవును అన్నా. మా మేడమ్ ఒకరు ప్రతి నెలా యార్డుకి వచ్చి మా లాగ్‌బుక్ చూసి సంతకం పెట్టేవారు. ఆమె వస్తారని కంపెనీవాళ్లకి తెలుసు, అందుకే సెలవు దగ్గర పేచీ రాలేదు. కాలేజీ నుంచి మనిషి వస్తారా అన్నది కూడా అడగాలి.

ఉక్కునగరం_రిటైర్డ్:
అమ్మా, ఒక గందరగోళం తీర్చాలి. మన ఊళ్లో అప్రెంటిస్ అనగానే స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, డాక్‌యార్డ్ గుర్తొస్తాయి. ఐటీఐ చదివి చేసే ట్రేడ్ అప్రెంటిస్ వేరు, డిగ్రీ లేదా డిప్లొమా అయిపోయాక ఏడాది చేసే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ వేరు. వాటి వల్ల కొత్త డిగ్రీ రాదు. మీరు అడిగేది డిగ్రీ లోపలే ఉండే అప్రెంటిస్‌షిప్. అన్నిటికీ మూలం మాత్రం 1961 అప్రెంటిస్ చట్టమే.

ఆ చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాదు. కాంట్రాక్ట్‌లో రాసి ఉంటే తప్ప చివర్లో ఉద్యోగం ఇచ్చి తీరాలని యజమాని మీద బాధ్యత లేదు. అయితే ఫ్యాక్టరీలో భద్రత, ఆరోగ్యం నియమాలు అప్రెంటిస్‌కీ వర్తిస్తాయి. హెల్మెట్, బూట్లు ఇవ్వకుండా యార్డులోకి దింపితే పిల్లాడు గట్టిగా అడగాలి. నా సర్వీసులో దెబ్బ తగిలిన కుర్రాళ్లని చూశాను, అందుకే చెబుతున్నాను.

రుషికొండ_కోడర్:
సాఫ్ట్‌వేర్ వైపు కూడా ఇలాంటి దారులు ఉన్నాయి. హెచ్‌సీఎల్ కంపెనీ టెక్‌బీ ప్రోగ్రాం ఇంటర్ తర్వాత, ఉద్యోగం చేస్తూ డిగ్రీ. విప్రో కంపెనీ విల్ప్ ప్రోగ్రాం బీసీఏ, బీఎస్సీ తర్వాత, పని చేస్తూ ఎంటెక్, ఫీజు కంపెనీదే. కాకపోతే ఇన్నేళ్లు పని చేస్తామనే బాండ్ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం పెట్టాలి.

గోపాలపట్నం_పద్మ:
మా పిన్ని కూతురు ఇంగ్లాండులో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ చేస్తోంది. అక్కడ ఇది 2015లో మొదలైంది. వారంలో నాలుగు రోజులు ఆఫీసు, ఒక రోజు యూనివర్సిటీ. జీతం వస్తుంది, ఫీజు తను ఒక్క పౌండు కూడా కట్టదు. పెద్ద కంపెనీల నుంచి 2017 నుంచి వసూలు చేస్తున్న లెవీ అనే పన్ను డబ్బు ఈ చదువులకి పోతుంది. ఇది విని మన పిల్లల్ని అక్కడికి పంపుదామని కొందరు అడుగుతున్నారు. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకి అది కుదరదు. సాధారణంగా ముందే మూడేళ్లు అక్కడ నివాసం ఉండాలి. ఏజెంట్లు ఎవరైనా చేయిస్తామంటే నమ్మకండి.

పెదగంట్యాడ_అక్క:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న నాన్న, తమ్ముడు, నేను ముగ్గురం కాలేజీకి వెళ్లాం. పాత కాంట్రాక్ట్ కాపీ చూపించారు, నంబర్ ఉంది. పోయిన ఏడాది ఏ కంపెనీలకి ఎంతమంది వెళ్లారో రిజిస్టర్ తీశారు. ప్రతి నెలా లెక్చరర్ వెళ్తారట. పరీక్షల సెలవు గురించి మాత్రం ఎక్కడా రాసి లేదు. రాయించి ఇస్తామన్నారు, వచ్చే వారం మళ్లీ వెళ్తాను. అది చేతికొచ్చాకే ఫీజు కడతాం.

నాన్న అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చాక ఒక్కటే అడిగారు, రాత్రి షిఫ్ట్ అయితే పిల్లాడు ఇంటికి ఎలా వస్తాడు అని. దానికి నా దగ్గర జవాబు లేదు.

షీలానగర్_యార్డ్:
మాకు రాత్రి షిఫ్ట్‌కి కంపెనీ వ్యాన్ ఉండేది అక్కా, గాజువాక దాకా దింపేవాళ్లు. అన్ని చోట్లా ఉండదు, కాబట్టి అది కూడా రాయించండి. ఆదివారం నాకు సెలవు. నాన్నగారినీ తమ్ముడినీ షీలానగర్ తీసుకురండి. లోపలికి వెళ్లనివ్వరు గానీ, గేటు దగ్గర నిలబడితే పని ఎలా ఉంటుందో కనిపిస్తుంది. టీ కొట్టు దగ్గర నేనుంటాను.